రొయ్యల చెరువు బుష్‌లకు ఎసిటాల్: కొన్నేళ్లు వాడాక

నీళ్లలో ఉన్నా ఉబ్బదు. ఎసిటాల్ అనే గట్టి ప్లాస్టిక్ రాడ్‌ని నేను ఇంతగా ఇష్టపడటానికి కారణం ఇదొక్కటే. మా లేత్ షాపు సింగరాయకొండ దగ్గర. వచ్చే పనిలో ఎక్కువ భాగం రొయ్యల చెరువుల ఏరేటర్లదే, అంటే నీళ్లను చిలికి గాలి కలిపే చక్రాలది. మా వైపు అందరూ దీన్ని డెల్రిన్ అనే అడుగుతారు. ధర, గట్టిదనం లాంటివి రాడ్లు అమ్మేవాళ్లే చెప్తారు కాబట్టి వదిలేస్తున్నాను.

ఉలవపాడు వైపు రైతు ఒకాయన పంట సగంలో ఉండగా ఏరేటర్ షాఫ్ట్‌ని ఆటోలో వేసుకొచ్చాడు. రాత్రి చక్రాలు బరువుగా తిరిగి, మోటారు మూలిగి, చివరికి ట్రిప్ అయిందట. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. సరిగ్గా ఆ వేళకే చక్రం ఆగితే రైతు టెన్షన్ ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. పక్క చెరువాయన దగ్గర ఏరేటర్ అడిగి తెచ్చుకుని గండం గట్టెక్కాడు. షాఫ్ట్ తిరగడానికి దాని చుట్టూ గొట్టంలా వేసే బుష్ నైలాన్‌ది, వేరేచోట చేయించింది. సుత్తితో కొట్టినా ఊడి రాలేదు, హాక్సా బ్లేడుతో కోసి తీశాను. లోపల షాఫ్ట్ గీతలు పడి నల్లబడింది.

లేత్ మీద బుష్ చేసిన తీరులో తప్పేమీ లేదు. నైలాన్ నీళ్లు తాగుతుంది. నైలాన్ 6 పూర్తిగా నానితే బరువులో 9 శాతం దాకా పీలుస్తుంది, ఎసిటాల్ ఒక శాతం కూడా పీల్చదు. బయట బుష్‌ని పట్టి ఉంచే హౌసింగ్ బిగిసి ఉంటుంది కాబట్టి ఉబ్బిన బుష్ లోపలికే మూసుకొస్తుంది, షాఫ్ట్ తిరగడానికి వదిలిన ఖాళీ (క్లియరెన్స్) అంతా తినేస్తుంది. ముందే వదులుగా చేస్తే నానేదాకా కొట్టుకుంటుంది. కోసిన ఆ ముక్కలు నెలల తరబడి షాపు అటక మీదే ఉన్నాయి. ఎండాకాలం పోయాక కొలిస్తే మందం తగ్గింది.

ఆయనకు ఎసిటాల్ బుష్ వేసిచ్చాను. రొయ్యల పట్టుబడి అయ్యాక విప్పించి వెర్నియర్ పెట్టి చూశాను. బుష్ లోపలి రంధ్రం దాదాపు నేను చేసిచ్చిన సైజులోనే ఉంది. రైతు కంటే నేనే ఎక్కువ సంబరపడ్డాను.

అప్పట్నుంచి నీళ్లలో పనంటే కళ్లు మూసుకుని ఎసిటాలే అంటూ వచ్చాను. ఇప్పుడు కొంచెం ఆలోచించి చెప్తున్నాను. రొయ్య పిల్లల్ని తయారుచేసే ఒక హేచరీవాళ్లు పంపుకి బుష్ చేయించుకున్నారు. అక్కడ నీళ్లను బ్లీచింగ్‌తో శుద్ధి చేస్తారు. తిరిగొచ్చిన బుష్ పైన తెల్లగా పొడి బారింది, గోటితో గీకితే రాలింది. ఎసిటాల్ ఏ కంపెనీదైనా బ్లీచింగ్‌లోని క్లోరిన్‌ని తట్టుకోదు. ఉప్పునీళ్ల వరకు నా మాటకు ఢోకా లేదు, బ్లీచింగ్ నీళ్లకు మాత్రం అది చెల్లదు. వాళ్లకు తర్వాత యూహెచ్ఎండబ్ల్యూ పాలిథిలిన్ అనే ఇంకో రకం ప్లాస్టిక్ వేశాను. అది ఇప్పటిదాకా బాగానే ఉంది, కానీ మెత్తన కాబట్టి లేత్ మీద సైజు పట్టడం కష్టం.

చీమకుర్తి గ్రానైట్ యార్డుల నుంచి రోలర్ల పని వస్తే ఇప్పటికీ నైలానే పెడతాను. అక్కడ నాననిచ్చే నీళ్లకంటే దెబ్బలే ఎక్కువ, దెబ్బ ఓర్చుకోవడంలో నైలాన్‌దే పైచేయి. నా పనిలో ముప్పాతిక భాగం చెరువులది కాబట్టి ఎసిటాల్ మీద నాకింత ప్రేమ. మీది హేచరీ అయితే రాడ్ కొనేముందు ఆ నీళ్లలో ఏం కలుపుతున్నారో కనుక్కోండి.