11 కేవీ పింగాణీలు కొనేటోళ్లు జాగ్రత్త: పాతవాటికి పెయింటేసి కొత్తవని అంటగడుతున్నరు

మిర్యాలగూడ చుట్టుపక్కల హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్‌తో రైస్ మిల్లు నడిపేటోళ్లు, వాడపల్లి దిక్కు సిమెంటు దుమ్ముల షెడ్లున్నోళ్లు ఇది తప్పక చదవండి.

మా మిల్లు ఆవరణల డబుల్ పోల్ మీదికి 11 కేవీ (11 వేల వోల్టుల) పిన్ ఇన్సులేటర్లు, అంటే తీగ కరెంటు పోల్‌కు తగలకుండ ఇనుప పిన్ను మీద నిలబెట్టే పింగాణీలు, తెప్పించినం. షాపాయన కొత్త సరుకన్నడు, కొత్తదాని రేటే తీసుకున్నడు. ఎండలున్నన్ని రోజులు ఏం కాలే. మొన్న తెల్లారంగ సన్నటి తుంపర పడుడుతోనే పోల్ మీద చిటచిట మొదలైంది. నీలం మంట పాకి, పెద్ద చప్పుడుతోని ఫ్లాషోవర్ అయ్యి (కరెంటు పింగాణీ పైపైనుంచి దూకి) ఫీడర్, అంటే మాకు కరెంటొచ్చే లైను, ట్రిప్పయింది. నానబెట్టిన వడ్లు తొట్లల్లనే ఉండిపోయినయి. అదే ఫీడర్ మీదున్న రైతుల మోటర్లు కూడా ఆగినయి, ఆ బాధ వేరే.

ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైన్ల కరెంటు ఆపించే అనుమతి) తీసుకుని దించి చూస్తే మోసం బయటపడ్డది. ఒకదానికి అంచు కింద పెచ్చు ఊడిన చోట గోధుమరంగు పెయింటు పూసి ఉంది. మేకుతోని గీకితే పొర లేచింది, కింద తెల్లటి పింగాణీ, దానిమీద పాత కాలిన మచ్చ. అసలు గ్లేజు (పింగాణీ మీది గాజులాంటి నున్నటి పూత) ఎంత గీకినా అట్ల పొరలు పొరలుగా లేవదు. తయారైన ఏడాది ముద్ర ఉండాల్సిన చోట అరగదీసిండ్రు.

షాపాయనను అడిగితే ‘వానకు ఏ పింగాణీ అయినా పేలుతది’ అని దబాయించిండు. అది అబద్ధం. దుమ్ము పొడిగా ఉంటే కరెంటు పారదు. మంచు, తుంపర తగిలితే దాంట్ల ఉప్పులు కరిగి పైపైన లీకేజీ మొదలైతది. ఆ వేడికి అక్కడక్కడ తడి ఆరిపోతది, ఆరిన చోట్ల చిన్న చిన్న ఆర్కులు లేస్తయి, అవి కలిస్తే తీగ నుంచి ఇనుప పిన్ను దాకా ఒక్కటే మంట. గట్టి వాన దుమ్మును కడిగేస్తది. మనకు గండం సన్న తడితోనే. గ్లేజు పోయి గరుకైన చోట దుమ్ము ఇంకా గట్టిగ పడ్తది.

కొనేముందు మేకుతోని గీకి చూడండి, మొహమాటపడకండి. తర్వాత ఒక దారం తీసుకుని, తీగ కూర్చునే గాడి నుంచి పిన్ను దాకా, అంచుల లోపలి ఒంపులతో సహా పింగాణీకి ఆనించి కొలవండి. అదే క్రీపేజ్. ఐఎస్ 731 అనే భారత ప్రమాణం ప్రకారం 11 కేవీకి మామూలు చోట 230 మిల్లీమీటర్లు చాలు, కాలుష్యం ఎక్కువున్న చోట 320 కావాలె. మేం 320 అడిగితే ఇచ్చినవి 230వి. బిల్లు మీద ‘ఇన్సులేటర్లు’ అని ఒక్క ముక్క రాసిచ్చిండు, ఇప్పుడు దాన్నే అడ్డం పెట్టుకుని వాపసు తీసుకోనంటున్నడు. కంపెనీ పేరు, ఏడాది, క్రీపేజ్ మూడూ బిల్లుల రాయించుకోకుండా పైసలు కట్టకండి.

ఇప్పటికే బిగించినోళ్లు తెల్లారుజామున మంచు పడ్డప్పుడు దూరం నుంచి వినండి. చిటచిట వినిపిస్తే 1912కు ఫోన్ చేసి, ఎల్‌సీ ఇప్పించుకుని, లైసెన్సున్న కాంట్రాక్టర్‌తోనే దింపించండి. దుమ్ము పోవాలని కింద నిలబడి పైపుతోని నీళ్లు మాత్రం కొట్టొద్దు, లైన్ల కరెంటుంటే పానం పోతది.