గుండె దడకు మాత్రలా, అబ్లేషనా: ముందు ఎక్కడ పట్టుకుంటుందో చూసుకోండి

గుండె దడకు వేలూరు వెళ్లి అబ్లేషన్ (గుండెలోకి సన్నని తీగలు పంపి, దడ తిరిగే చిన్న చోటును మాడ్చే వైద్యం) చేయించుకుని వచ్చి ఐదు నెలలైంది. అప్పటి నుంచి మా బడిలో, మా వీధిలో ఒకటే ప్రశ్న. గోవిందరాజస్వామి గుడి దగ్గర మూరలు కొలిచి పూలిచ్చే ఆవిడ కూడా అడిగింది: "మాత్రలతో పోయేదానికి గుండెలోకి తీగలు పెట్టించుకున్నావా టీచరమ్మా?" అందరికీ కలిపి ఇక్కడే చెప్పేస్తాను.

నేను చెప్పేది ఎస్‌వీటీ గురించి. స్విచ్ వేసినట్టు మొదలై, నిమిషానికి 180, 200 కొట్టుకుని, మళ్లీ స్విచ్ తీసినట్టు ఆగిపోయే దడ. పెద్ద వయసులో ఎక్కువగా కనిపించే, లయే లేకుండా అడ్డదిడ్డంగా కొట్టుకునే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వేరు. అందులో రక్తం గడ్డకట్టి పక్షవాతం వచ్చే ముప్పు ఉంటుంది కాబట్టి ఆ లెక్కలు ఇక్కడికి తేవద్దు.

ఏది ఎంచుకున్నా దడ వస్తుండగా తీసిన ఈసీజీ ఒకటి చేతిలో ఉండాలి. దడ లేనప్పుడు తీస్తే చాలామందికి మామూలుగానే వస్తుంది. మూడేళ్లపాటు నాకు దొరికిన వైద్యం "కంగారు తగ్గించుకోండమ్మా" అన్న మాటే. ఆడవాళ్లకు ఈ మాట మరీ త్వరగా దొరుకుతుంది. ఒకరోజు దడతోనే ఆటో ఎక్కి వెళ్లి, పేరు రాయించుకునే లోపలే ఈసీజీ తీయమని పట్టుబట్టాను. ఆ కాగితం చూశాక మళ్లీ ఎవరూ కంగారు అనలేదు.

దడ ఆపడానికి ఖర్చు లేని దారి ఊదడం. 10 మిల్లీలీటర్ల ఖాళీ సిరంజి మూతి నోట్లో పెట్టుకుని, లోపలి దిమ్మ కాస్త కదిలేంత బలంగా 15 సెకన్లు ఊదాలి. వెంటనే వెల్లకిలా పడుకుంటే పక్కవాళ్లు రెండు కాళ్లూ ఎత్తి మరో 15 సెకన్లు పట్టుకోవాలి. 2015లో లాన్సెట్ పత్రికలో వచ్చిన బ్రిటన్ పరిశోధనలో, ఇలా కాళ్లెత్తినప్పుడు నూటికి 43 మందికి దడ ఆగింది. కాళ్లెత్తకుండా పాత పద్ధతిలో ఊదిన వాళ్లలో 17 మందికే ఆగింది. మీ డాక్టరు ముందు ఒకసారి చేసి నేర్చుకోండి. స్పృహ తప్పుతున్నా, ఛాతీలో నొప్పి ఉన్నా, ఊపిరి అందకపోయినా సిరంజి వెతకవద్దు, 108కి ఫోను చేయండి.

మాత్రలు నాలుగేళ్లు వాడాను. మెటోప్రొలాల్ (గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ రకం మాత్ర) మొదలుపెట్టాక నెలకు రెండుసార్లు వచ్చే దడ మూడు నెలలకు ఒకసారికి దిగింది. అది చిన్న మేలు కాదు. కానీ మధ్యాహ్నం ఐదో పీరియడు వచ్చేసరికి కాళ్లకు ఇసుక మూటలు కట్టినట్టుండేది. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఈ రకం మాత్రలు అంతగా పనికిరావు. వెరపామిల్ అనే మరో రకం మాత్ర ఇస్తే కొందరికి మలబద్ధకం. ఈసీజీలో డబ్ల్యూపీడబ్ల్యూ అని ఉంటే, అంటే పుట్టుకతోనే గుండెలో ఒక అదనపు దారి ఉంటే, వెరపామిల్ ప్రమాదం కావచ్చు. అక్కడ నిపుణుల మాటే వినాలి. మాత్రలు మీ అంతట మీరు ఒక్కసారిగా మానేయడం కూడా మంచిది కాదు. దడ వచ్చినప్పుడు మాత్రమే వేసుకునే మాత్ర కొందరికి సరిపోతుంది. కాఫీ మానడం, ప్రాణాయామం మంచివే, చేసుకోండి.

ఇక నా మనసులోని అసలు లెక్క. ఏడాదికి ఎన్నిసార్లు వస్తుందని అందరూ అడుగుతారు. ఎక్కడ ఉండగా వస్తుందని ఎవరూ అడగరు.

పోయిన పెరటాసి (తమిళ నెల) మూడో శనివారం తిరుమలకు అలిపిరి మెట్లెక్కుతున్నాం. గుండె జబ్బులున్నవాళ్లు నడవవద్దని దేవస్థానం వాళ్లు చెబుతూనే ఉంటారు. మొక్కు ఉంది కదా అని నేను వినలేదు. మోకాళ్ల మెట్టు దగ్గర పట్టుకుంది. సిరంజి సంచిలోనే ఉంది, పద్ధతీ వచ్చు. కానీ మెట్ల మీద వెల్లకిలా పడుకునే చోటెక్కడ? మా ఆయన నా కాళ్లు ఎత్తి పట్టుకుంటే, ఒక ముసలమ్మ పూనకం అనుకుని "గోవిందా" అంటూ నా ముందు కర్పూరం వెలిగించింది. మూడుసార్లు ఊదినా ఆగలేదు. చివరికి ఎవరో జీపులో తిరుమలలో ఆసుపత్రికి చేర్చారు. దడ ఆపే అడినోసిన్ ఇంజెక్షన్ 6 మిల్లీగ్రాములకు లొంగలేదు, 12కు లొంగింది. ఆ ఇంజెక్షన్ ఎక్కిన కొద్ది సెకన్లు ప్రాణం పోతున్నట్టే ఉంటుంది. ముందే చెప్పి ఎక్కించారు కాబట్టి సరిపోయింది.

ఆసుపత్రికి ఐదు నిమిషాల దూరంలో ఉంటూ, ఏడాదికి రెండుసార్లు వచ్చి ఊదగానే ఆగిపోయే దడ అయితే, అబ్లేషన్ సంగతి అటుంచండి, రోజూ మాత్ర కూడా అక్కర్లేకపోవచ్చు. అదే దడ ఘాట్ రోడ్డు మీద బస్సు నడిపే మనిషికి వస్తే? బంగారుపాళ్యం మామిడి తోటలో రాత్రి కాపలా ఉండే రైతుకు వస్తే? పిల్లల్ని కనాలనుకుంటున్న అమ్మాయికి, కడుపుతో ఉండగా వస్తే? వీళ్లకు మాత్ర దడను తగ్గిస్తుందే కానీ, రాదని మాట ఇవ్వదు. నేను అబ్లేషన్ వైపు మొగ్గింది ఇందుకే.

తొడ మొదట్లో మత్తు సూది వేసి, సిరలోంచి సన్నని తీగలు గుండెలోకి పంపుతారు. విచిత్రం ఏమిటంటే దడను వాళ్లే రప్పిస్తారు. ఇన్నేళ్లూ పారిపోయిన దడ బల్ల మీద పడుకుని ఉండగా రావాలని నేనే వేడుకున్నాను! అది ఏ దారిన తిరుగుతోందో కనిపెట్టి, ఆ చిన్న చోటును రేడియో తరంగాల వేడితో మాడ్చేస్తారు. తర్వాత కొన్ని గంటలు కాలు కదపకూడదు. నాకు వారం రోజులు తొడ మీద వంకాయ రంగు మచ్చ ఉంది, అంతే.

ఎస్‌వీటీలో నాకున్న ఏవీఎన్‌ఆర్‌టీ అనే రకంలో నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. కొద్దిమందికి మళ్లీ వస్తుంది. గుండె సహజ తీగ (పై గదుల నుంచి కింది గదులకు కరెంటు మోసే దారి) పక్కనే మాడ్చాలి కాబట్టి, అది దెబ్బతిని పేస్‌మేకర్ అవసరమయ్యే ముప్పు నూటికి ఒకటి లేదా అంతకన్నా తక్కువ. సంతకం పెట్టే ముందు ఆ ఒక్క అంకె దగ్గర నా చేయి ఆగిన మాట నిజం. మీ చేయీ ఆగితే, దడ మిమ్మల్ని ఇంటి దగ్గరే పలకరించి పోయేదైతే, మాత్రలతో ఉండిపోవడంలో తప్పేమీ లేదు.

పెరటాసికి మళ్లీ మెట్లెక్కుతావా అని అడిగేవాళ్లు కూడా ఉన్నారు. డాక్టరు ఎక్కవచ్చన్నారు. అయితే ఈసారి శ్రీవారి మెట్టు వైపు నుంచి. అలిపిరిలో 3,550 మెట్లు, ఇక్కడ 2,388. నా గుండె కోసం కాదు, మా ఆయన మోకాళ్ల కోసం.