నా 2004 డబ్ల్యుఆర్‌ఎక్స్‌లో డీడబ్ల్యు65సి ఫ్యూయల్ పంపు, ఎనిమిది నెలల తర్వాత

నాది 2004 సుబారు ఇంప్రెజా డబ్ల్యుఆర్‌ఎక్స్, 2.0 లీటర్ల టర్బో, కొత్తలో 227 హార్స్‌పవర్. ఇక్కడ డాలస్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ట్యాంకులో కంపెనీ బిగించిన పంపే ఇరవై ఏళ్లుగా తిరుగుతూ వచ్చింది. మూడో గేర్‌లో గట్టిగా తొక్కి ఐదున్నర వేల ఆర్‌పీఎమ్ దాటించినప్పుడు, 11 దగ్గర నిలవాల్సిన వైడ్‌బ్యాండ్ మీటర్ (ఇంజిన్‌లో గాలి, పెట్రోలు ఏ నిష్పత్తిలో కలుస్తున్నాయో చూపేది) 12.4కి ఎక్కడం చూశాక అనుమానం మొదలైంది. అంటే లోపలికి పోయే గాలికి సరిపడా పెట్రోలు అందడం లేదు. బూస్ట్ మీద, అంటే టర్బో గాలిని ఒత్తిడితో నెడుతున్నప్పుడు, అలా జరిగితే ఇంజిన్ నాక్ అవుతుంది (పెట్రోలు అదుపు తప్పి మండుతుంది), పిస్టన్లు పోతాయి. కారు బయటికి తీయాలంటేనే టెన్షన్ పట్టుకుంది.

సగం ధరకే వస్తోందని మొదట ఆన్‌లైన్‌లో ఒక పంపు తెప్పించాను. పేరున్న బ్రాండ్ పెట్టెలోనే వచ్చింది కానీ పంపు మీద అచ్చు వంకరగా ఉంది, బొటనవేలితో రుద్దితే అక్షరాలు చెదిరిపోయాయి. నకిలీ సరుకు. డబ్బులు వెనక్కి రావడానికి మూడు వారాలు పట్టింది. అందుకే రెండోసారి అధీకృత డీలర్ దగ్గరే డాయిచ్‌వర్క్స్ డీడబ్ల్యు65సి కొన్నాను. గంటకు 265 లీటర్లు. సుబారులకు సరిపోయేలా చేసిన పంపు కాబట్టి పాత బ్రాకెట్‌లో కోతలు, అతుకులు లేకుండా కూర్చుంది.

"340 లీటర్లది వేసెయ్ అన్నా, మళ్లీ మార్చే పని ఉండదు" అని మా ఆఫీసు కుర్రాడు చాలా పోరాడాడు. నేను ఒప్పుకోలేదు. ఐడిల్‌లో, అంటే కారు నిలబడి ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, అది తాగేది చాలా కొంచెం, మిగిలిందంతా పెట్రోలు ప్రెషర్‌ను అదుపులో ఉంచే రెగ్యులేటర్ గుండా ట్యాంకులోకి తిరిగి పోవాలి, పంపు మరీ పెద్దదైతే కంపెనీ రెగ్యులేటర్ అంత పెట్రోలును వదల్లేక ప్రెషర్ పెరిగిపోతుంది, ఐడిల్ పాడవుతుంది. ఇంకో సంగతి, పెట్టె మీద రాసే లీటర్లు సాధారణంగా 40 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) దగ్గర కొలిచినవి. మన కార్లలో పెట్రోలు లైన్ మూల ప్రెషర్ సుమారు 43, దానికి 16 పీఎస్ఐ బూస్ట్ కలిస్తే పంపు దాదాపు 60కి ఎదురు తోయాలి, అక్కడ అది ఇచ్చేది తక్కువ. కాబట్టి కొనేముందు 60 దగ్గర ఎంత ఇస్తుందో గ్రాఫ్‌లో చూసుకోండి. ఈ85 (ఎక్కువ భాగం ఇథనాల్ ఉండే ఇంధనం) పోయాలనుకునేవాళ్ల లెక్క వేరు, దానికి ఇంధనం సుమారు 30 శాతం ఎక్కువ కావాలి.

బిగించడం ఒక మధ్యాహ్నం పని. వెనక సీటు ఎత్తితే కుడివైపు మూత, దాని కింద 8 మిల్లీమీటర్ల నట్లు ఎనిమిది. ముందు పంపు కనెక్టర్ ఊడదీసి, ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడిపి లైన్లో ప్రెషర్ తగ్గించాను, తర్వాత బ్యాటరీ నెగటివ్ తీసి గ్యారేజీ తలుపులు బార్లా తెరిచాను. ట్యాంకు పావు వంతు కంటే తక్కువ ఉన్నప్పుడే పెట్టుకోండి. పాత పంపు బయటికి వస్తుంటే దాని జాలీ చూసి గుండె ఆగినంత పనైంది. టీ వడకట్టే గుడ్డలా నల్లగా, చిక్కగా పట్టేసి ఉంది. ఇన్నాళ్లూ ఇంజిన్ దీని గుండానే తాగింది పాపం.

ఇప్పుడు అదే రోడ్డు మీద, అదే మూడో గేర్‌లో, 7,000 దాకా మీటర్ 11.1 దాటడం లేదు. నలభై డిగ్రీల ఎండలోనూ అంతే. తాళం తిప్పగానే వెనక నుంచి సన్నగా ఒక రొద వినిపిస్తుంది, ఇంజిన్ అందుకున్నాక అదీ తెలియదు. పవర్ పెరుగుతుందని మాత్రం కొనకండి, పంపు ఒక్కటే మారిస్తే ఏమీ పెరగదు. నాకు కావాల్సింది భయం లేకుండా తొక్కడం, అది దొరికింది. ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు సరిచేసే ట్యూనర్‌తో లాగ్ (నడిపినప్పటి రీడింగుల రికార్డు) ఒకసారి చూపించుకున్నాను, మ్యాప్‌లో, అంటే ఆ సెట్టింగుల్లో, చిన్న సవరణే చేశాడు.

రబ్బరు గ్యాస్కెట్ కొత్తది ముందే తెప్పించుకోండి, పాతది వాడొద్దు. ఆ ఎనిమిది నట్లకు బిగింపు 4.4 న్యూటన్ మీటర్లే, చెయ్యి బరువు వేశారంటే స్టడ్ విరుగుతుంది.