తిరుపతిలో ఇంటికొచ్చే ల్యాబ్ సర్వీసు: కార్టిసాల్‌కు సరే, ఏసీటీహెచ్‌కు వద్దు

ఫోన్ చేస్తే ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్ళే సర్వీసు షుగరుకీ థైరాయిడ్‌కీ బాగానే పనికొస్తుంది. కుషింగ్స్ (ఒంట్లో కార్టిసాల్ హార్మోను మితిమీరే జబ్బు) అనుమానంతో డాక్టరు కార్టిసాల్, దాన్ని తయారుచేయించే ఏసీటీహెచ్ హార్మోను రెండూ రాసిచ్చినప్పుడు మాత్రం రెండింటికీ ఒకే మార్కులు వేయలేం.

ముందు కార్టిసాల్. రాత్రి 11 గంటలకు డెక్సామెథాసోన్ (మామూలుగా కార్టిసాల్‌ను దించేసే స్టెరాయిడ్ మాత్ర) 1 మి.గ్రా. వేసుకుని, మర్నాడు పొద్దున 8–9 మధ్య రక్తమివ్వాలి. షాపుల్లో అర మి.గ్రా. మాత్రే ఎక్కువగా దొరుకుతుంది కాబట్టి రెండు వేసుకోవాలి. 4 మి.గ్రా. మాత్ర కూడా ఉంది, స్ట్రిప్ మీద అంకె చూసుకోండి. కార్టిసాల్ అంత త్వరగా చెడిపోదు, బండి మీద వెళ్ళినా ఫరవాలేదు. మనిషి మాత్రం 'ఏడు నుంచి పదకొండు లోపల' అంటే ఒప్పుకోకండి, ఎనిమిదిన్నరకే రమ్మనండి. కొండకు నడిచెళ్ళి, రాత్రంతా క్యూలో నిద్రలేకుండా ఉండి దిగిన మర్నాడు ఈ పరీక్ష పెట్టుకోవద్దు. గర్భనిరోధక మాత్రలు, ఫిట్స్ మందులు, టీబీకి వాడే రిఫాంపిసిన్ కూడా ఫలితాన్ని తప్పుగా ఎక్కువ చూపిస్తాయి. డాక్టరుకు ముందే చెప్పండి, మీకై మీరు ఆపేయకండి.

రిపోర్టులో ఒక చిక్కుంది. పక్కన అచ్చయ్యేది మామూలు ఉదయపు రేంజి, డెసీలీటరుకు సుమారు 5 నుంచి 25 మైక్రోగ్రాములు. మాత్ర వేసుకున్నాక 1.8 మైక్రోగ్రాముల లోపుకి దిగాలి. 6 వస్తే రిపోర్టులో 'నార్మల్' లాగే కనిపిస్తుంది, నిజానికి అది నార్మల్ కాదు.

ఇక ఏసీటీహెచ్. అసలు కారణం ఎక్కడుందో తేల్చేది ఇదే. కార్టిసాల్ ఎక్కువై, ఏసీటీహెచ్ మిల్లీలీటరుకు 5 పికోగ్రాముల లోపుంటే కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథిలోనే గడ్డ ఉందనుకుని సీటీ తీస్తారు. 20 దాటితే మెదడు కిందుండే పిట్యూటరీ గ్రంథి వైపు, లేదా ఊపిరితిత్తుల్లాంటి చోట ఏసీటీహెచ్ తయారుచేసే కణితి వైపు చూస్తారు. ఆ రెండో రకంలో పొటాషియం బాగా పడిపోతుంది, వారాల్లోనే కండలు కరిగి నీరసించిపోతారు. అలాంటివాళ్ళు హోం ప్యాకేజీల కోసం ఆగకూడదు.

ఈ హార్మోను రక్తంలోని ఎంజైములకు త్వరగా కరిగిపోతుంది. ముందే చల్లబరిచిన ఊదా మూత ట్యూబులోకి తీసి, ఐసులో ముంచి, చల్లటి సెంట్రిఫ్యూజులో తిప్పి, ప్లాస్మా (రక్తంలోని పసుపు నీరు) విడదీసి ఫ్రీజ్ చేయాలి. మే నెల ఎండలో ట్యూబు బ్యాగులో పడి పది ఇళ్ళు తిరిగితే అసలు ఉన్నదానికంటే బాగా తక్కువ చూపించొచ్చు. పిట్యూటరీ రోగి అడ్రినల్ సీటీకి వెళ్తాడు. అక్కడ కొంతమందికి ఉండే హాని లేని చిన్న గడ్డ కనబడిందంటే దాన్నే దోషిగా పట్టుకునే ప్రమాదముంది. ఒక ట్యూబు అశ్రద్ధకు ఇంత ఖరీదు!

జుట్టు రాలకుండా వేసుకునే బయోటిన్ కూడా కొన్ని మిషన్లలో అదే పని చేస్తుంది: కార్టిసాల్ ఎక్కువగా, ఏసీటీహెచ్ తక్కువగా చూపి అచ్చంగా అడ్రినల్ జబ్బులా మోసగిస్తుంది. పరీక్షకు కనీసం మూడు రోజుల ముందే ఆపండి.

ఇంకోటి, కుషింగ్స్‌కు అన్నిటికంటే ఎక్కువగా కనబడే కారణం: బయటి స్టెరాయిడ్. మోకాళ్ళ నొప్పుల పొడి, మొహం తెల్లబడే క్రీము, కీలులో వేసిన ఇంజెక్షను. డెక్సా, బీటామెథాసోన్ అయితే మొహం ఉబ్బి ఉన్నా కార్టిసాల్, ఏసీటీహెచ్ రెండూ అడుగున ఉంటాయి. ప్రెడ్నిసోలోన్ అయితే కొన్ని మిషన్లు దాన్నే కార్టిసాల్‌గా లెక్కేస్తాయి. రక్తం తీసే మనిషి ఈ మందుల గురించి అడగకపోతే మీరే ఫారం మీద రాయించండి. ఆ మందును ఒక్కసారిగా మానేయడం ప్రాణానికే ముప్పు.

కాబట్టి కార్టిసాల్‌కు ఇంటి సర్వీసు పెట్టుకోండి. ఏసీటీహెచ్‌కు మాత్రం స్విమ్స్‌లా ఎండోక్రైనాలజీ (హార్మోన్ల) విభాగమున్న ఆసుపత్రికి పొద్దున్నే వెళ్ళడం మేలు. ఎక్కడికి వెళ్ళినా సూది గుచ్చించుకునే ముందు ఒక్క మాట అడగండి: రక్తం ఈ బిల్డింగులోనే సెంట్రిఫ్యూజులో తిప్పుతారా, ఇంకో ఊరికి పంపాకా? ఇంకో ఊరికైతే ప్లాస్మా ఇక్కడే విడదీసి, ఫ్రీజ్ చేసి పంపుతారా అని కూడా అడగండి. ఐసు డబ్బా కనబడకపోతే చెయ్యి చాపకండి.