డ్రమ్స్ గదికి చేసిన ఏర్పాట్లు: మూడేళ్ల వాడకం తర్వాత ఏది నిలిచింది, ఏది దండగ

ఇంట్లో డ్రమ్స్ వాయించేవాళ్లకు ఇబ్బందులు రెండు. ఒకటి, గదిలో రీసౌండ్. స్నేర్ డ్రమ్ము మీద ఒక్క దెబ్బ పడితే గది అంతా గింగురుమంటుంది, వరసగా కొట్టిన దెబ్బలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. రెండోది, మోత బయటికి పోవడం. అంటే కింది పోర్షన్ వాళ్లు మెట్లెక్కి రావడం. రెండిటికీ మందు ఒకటే అనుకుని చాలామంది గోడల నిండా ఫోమ్ అంటించేస్తారు. రీసౌండ్ కొంత తగ్గుతుంది, కింది పోర్షన్ వాళ్లు మాత్రం మళ్లీ వస్తారు. రీసౌండ్ తగ్గాలంటే గాలి దూరే మెత్తటి సరుకు కావాలి. మోత ఆగాలంటే బరువు కావాలి, సందుల్లేని మూత కావాలి, కిట్‌కీ (డ్రమ్స్ సెట్టుకీ) శ్లాబుకీ సంబంధం తెగాలి. ఈ తేడా తెలియకుండా పెట్టే ప్రతి రూపాయీ దండగే.

ఇక్కడ చెప్పేదంతా ఒక మామూలు గది గురించి. పొడవు 12 అడుగులు, వెడల్పు 10, ఎత్తు 10. తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, సిమెంటు ప్లాస్టరింగ్, పైనా కిందా శ్లాబు, నేల మీద టైల్స్, ఒక ఫ్లష్ డోరు, ఒక అల్యూమినియం స్లైడింగ్ కిటికీ. కిట్ ఐదు పీసులది, కాలి పెడల్‌తో వాయించే పెద్ద డ్రమ్ము, అంటే కిక్, 22 అంగుళాలు.

ముందు లెక్క చూద్దాం. గది ఘనపరిమాణం సుమారు 34 ఘనమీటర్లు. గోడలు, నేల, పైకప్పు కలిపితే 63 చదరపు మీటర్లు. ప్లాస్టరింగ్, టైల్స్ తమ మీద పడ్డ శబ్దంలో రెండు మూడు శాతమే పీల్చుకుంటాయి, అంటే మొత్తం పీల్పు 1.6 చదరపు మీటర్లకు సమానం. సబీన్ సూత్రం ప్రకారం 0.161ని 34తో గుణించి 1.6తో భాగిస్తే 3.4 సెకన్లు. ఖాళీ గదిలో శబ్దం 60 డెసిబెల్స్ పడిపోవడానికి పట్టే సమయం అది. కిట్టూ మనిషీ సామానూ చేరితే కాస్త తగ్గుతుంది, అయినా చాలా ఎక్కువే. డ్రమ్స్ సాధనకు 0.4 నుంచి 0.5 సెకను బాగుంటుంది. అక్కడికి రావాలంటే ఇంకో పది చదరపు మీటర్ల మంచి పీల్పు కావాలి. మూలమూలా కప్పనక్కర్లేదు, ఆరో వంతు చాలు.

ఆ పది చదరపు మీటర్లకు వాడింది రాక్‌వూల్, అంటే రాతిని కరిగించి తీసిన పీచుతో చేసిన పలకలు. అన్నిటిలోకీ పూర్తి మార్కులు దీనికే. స్లాబ్ (ఒక్కో పలక) మందం 50 ఎంఎం, డెన్సిటీ ఘనమీటరుకు 64 కిలోలు, సైజు 1.2 మీటర్లు × 0.6 మీటర్లు. మ్యూజిక్ షాపులో కాకుండా ఏసీ డక్టులకు ఇన్సులేషన్ సరుకు అమ్మే కొట్లలో అడగండి. అకౌస్టిక్ ప్యానెల్ అన్నారంటే రేటు మారిపోతుంది, "64 డెన్సిటీ, 50 ఎంఎం రాక్‌వూల్" అంటే చాలు. 12 ఎంఎం ప్లైవుడ్‌ని 100 ఎంఎం పట్టీలుగా కోయించి ఫ్రేములు కొట్టించాలి. స్లాబ్ ముందువైపు అంచుకు సరిగ్గా కూర్చుంటే వెనక 50 ఎంఎం ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ పైసా ఖర్చు లేకుండా దొరికే లాభం, ఎందుకంటే కింది స్వరాలను పీల్చడంలో అది స్లాబ్ మందం పెరిగినంత పని చేస్తుంది. స్లాబ్ వెనక్కి జారకుండా నైలాన్ తాడు రెండు వరసలు అడ్డంగా కడితే సరిపోతుంది. పీచు రాలకుండా ముందు పల్చటి నాన్‌వోవెన్ గుడ్డ చుట్టి, దాని మీద కాటన్ గుడ్డ బిగించి స్టేప్లర్ కొట్టాలి. ఏ గుడ్డయినా నోటికి ఆనించి ఊది చూడండి, గాలి అవతలికి పోతేనే పనికొస్తుంది. రెగ్జిన్ వేస్తే ప్యానెల్ గోడతో సమానం. రాక్‌వూల్ పట్టుకునేటప్పుడు ఫుల్ చేతుల చొక్కా, గ్లోవ్స్, మాస్క్ తప్పనిసరి. దురద మామూలుగా ఉండదు, సాయంత్రం దాకా వదలదు.

మొత్తం 14 ప్యానెళ్లు. నాలుగు కిట్ నెత్తిన పైకప్పుకు, ఆరు గోడలకు, నాలుగు రెండు మూలల్లో ఏటవాలుగా, ఒక్కో మూలకు కింద ఒకటి పైన ఒకటి. మూలల్లోవి జోడు స్లాబులతో 100 ఎంఎం మందం. కాబట్టి కొనాల్సింది 18 స్లాబులు, తరుగుకు ఒకటి అదనం. ముందు కొనాల్సింది పైకప్పువే, ఎందుకంటే సింబల్స్ (కిట్‌లోని లోహపు పళ్లేలు) మోత నేరుగా పైకి పోయి శ్లాబుకు కొట్టుకుని నెత్తిన పడుతుంది. గోడల మీద ప్యానెల్‌కు ఎదురుగా ప్యానెల్ పెట్టొద్దు. ఈ గోడ మీద ప్యానెల్ ఉన్నచోట ఎదుటి గోడ ఖాళీగా ఉండాలి, అటుది ఇటు. అప్పుడే రెండు గోడల మధ్య టకటకమని తిరిగే చప్పుడు చస్తుంది. గది మధ్యలో నిలబడి చప్పట్లు కొడితే తెలిసిపోతుంది. ట్రింగ్‌మని తోక వినిపిస్తే ఎక్కడో రెండు ఖాళీ గోడలు ఎదురెదురుగా ఉన్నాయన్నమాట. ప్యానెల్ అడుగు నేల నుంచి రెండడుగుల ఎత్తున మొదలైతే సింబల్స్, చెవులు రెండూ దాని పరిధిలోకి వస్తాయి.

సీలింగ్ ఫ్యాన్ తీసేయండి. తిరిగే రెక్కలు సింబల్ తోకను ముక్కలు చేసి వణికిస్తాయి, పైగా ప్యానెళ్లకు అడ్డం. గోడ ఫ్యాన్ చాలు. ఇంకో తంటా వానాకాలంలో వస్తుంది. ఎండ తగలని బయటి గోడకు అతుక్కున్న ప్యానెల్ గుడ్డకు బూజు పడుతుంది. రాక్‌వూల్ కుళ్లదు, చెదలూ పట్టదు, గుడ్డకూ ప్లైవుడ్‌కే సమస్య. ఫ్రేము వెనక 20 ఎంఎం చెక్క ముక్కలు పెట్టి గోడకు ఎడం చేస్తే గాలి ఆడుతుంది.

ఇక ఫోమ్. అడుగు చదరపు పిరమిడ్ ముక్కలు, 50 ఎంఎం అని అమ్ముతారు, కానీ లోయల దగ్గర మందం అందులో సగం కూడా ఉండదు. హైహ్యాట్ (జోడు సింబల్స్) పదును తగ్గిస్తుంది, ఫ్లోర్ టామ్ (నేల మీద నిలబెట్టే లావు గొంతు డ్రమ్ము) గుంయ్‌మనడాన్ని ముట్టుకోదు. గోడలన్నీ దాంతోనే కప్పితే పైస్వరాలన్నీ చచ్చి అడుగు మోత ఒక్కటే మిగులుతుంది, డబ్బాలో కూర్చుని వాయించినట్టు ఉంటుంది. మూడేళ్లకు పసుపెక్కింది, నలిపితే పొడి రాలుతోంది, జిగురు ఊడేటప్పుడు పెయింట్‌నీ పట్టుకొచ్చింది. అగ్గి తగిలితే విషపు పొగ, రాక్‌వూల్‌కు ఆ భయం లేదు. కోడిగుడ్ల అట్టల సంగతి చెప్పేదేముంది, బొద్దింకలకు పనికొస్తాయి.

ప్యానెళ్లు చేయలేని పని ఒకటుంది. ఈ గదిలో వెడల్పూ ఎత్తూ రెండూ పదడుగులే. శబ్ద వేగం సెకనుకు 343 మీటర్లు. దాన్ని 3.05 మీటర్ల రెట్టింపుతో భాగిస్తే 56 హెర్ట్జ్ వస్తుంది. అక్కడ గది రెండు దిక్కులా ఒకేసారి మోగుతుంది, 22 అంగుళాల కిక్ బరువంతా కూడా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. 56 హెర్ట్జ్ తరంగం పొడవు ఆరు మీటర్లు, దాని ముందు 50 ఎంఎం దూది లెక్కలోకి రాదు. దీన్ని కిట్ జాగా మార్చి సర్దుకోవాల్సిందే. వెడల్పుకు సరిగ్గా మధ్యలో కూర్చుంటే ఆ స్వరం చెవికి అందదు, కిక్ పలకడం లేదనుకుని కాలు గట్టిగా వేస్తాం. అదే సమయంలో మూల నిలబడ్డవాడికి గుండె అదురుతుంది. స్టూలు పక్క గోడకు మూడో వంతు దూరానికి జరిపితే రెండూ సర్దుకుంటాయి. కిక్ లోపల రెండు హెడ్లకూ (డ్రమ్ము మీద బిగించే పొరలకు) తగిలేలా ఒక చిన్న దిండు పెడితే తోక తెగుతుంది.

ఇప్పుడు బయటికి పోయే మోత. ప్లాస్టరింగ్‌తో తొమ్మిదంగుళాల ఇటుక గోడ సుమారు 50 డెసిబెల్స్ ఆపుతుంది. గోడతో పెద్ద పేచీ లేదు, పేచీ అంతా తలుపుతోనే. తలుపు వెడల్పు 90 సెంటీమీటర్లు, కింద సందు 12 ఎంఎం అనుకోండి. తలుపు మొత్తం వైశాల్యంలో అది అర శాతం పైచిలుకు. అంత సందుంటే తలుపు ఎంత బరువైనదైనా 22 డెసిబెల్స్ దాటి ఆపలేదు. అందుకే బరువు తలుపు చేయించే ముందు సందులు మూయండి. చౌకట్టు మూడు వైపులా రబ్బరు బీడింగ్, కింద తలుపు వేయగానే దిగే డ్రాప్ సీల్, లేదంటే గ్రానైట్ గడప ఎత్తి దానికి రబ్బరు. బీడింగ్ సరిగ్గా పడిందో లేదో చూడ్డానికి తలుపు మధ్యలో కాగితం పెట్టి మూసి లాగండి, జారిపోతే అక్కడ సందు ఉన్నట్టే. ఆ తర్వాత లోపల డొల్లగా ఉండే ఫ్లష్ డోరు మార్చి గట్టి చెక్క నింపిన 35 ఎంఎం డోరు పెట్టించాలి. బరువు పెరుగుతుంది కాబట్టి బందులు మూడు కాదు, నాలుగు. రబ్బరు రెండేళ్లకు అణిగిపోతుంది, మార్చుకోవాలి.

స్లైడింగ్ కిటికీకి ఏ బీడింగూ నిలవదు, జారాలంటే దానికి సందు ఉండాల్సిందే. లోపలివైపు ప్లగ్ ఒక్కటే దారి. 18 ఎంఎం ప్లైవుడ్ రెండు పొరలు, మధ్యలో రాక్‌వూల్, అంచుల చుట్టూ రబ్బరు, రెండు హ్యాండిళ్లు. వాయించేటప్పుడు బిగించి, తర్వాత తీసేయొచ్చు. అందరూ మరిచిపోయేది ఏసీ పైపు కన్నం. బయట తెల్ల సిమెంటు పూసి వదిలేస్తారు, లోపల బోలుగానే ఉంటుంది. కన్నంలోకి టార్చి వేసి చూడండి, వెలుగు లోపలికి పోతే మోత బయటికి పోతుంది. ఎండి బిగుసుకోని డక్ట్ పుట్టీ కూరితే సరి.

కింది పోర్షన్ గొడవకు ఇవేవీ పనిచేయవు. కిక్ పెడల్ దెబ్బ గాలిలో కాకుండా శ్లాబు గుండా పోతుంది. దానికి టెన్నిస్ బంతుల ప్లాట్‌ఫామ్. ఆరడుగుల చదరం, 18 ఎంఎం ప్లైవుడ్ మూడు పొరలు. కింద ఒకటి, పైన రెండు. 8 × 4 షీట్లు ఐదు పడతాయి. ఒక్కో పొరకు 6 × 4 ముక్క ఒకటి, 6 × 2 ముక్క ఒకటి. పైన రెండు పొరల అతుకులు ఒకదానికొకటి అడ్డంగా రావాలి, జిగురు పెట్టి 30 ఎంఎం స్క్రూలు బిగించాలి. కింది పొరకూ, పై రెంటిలో అడుగున ఉండేదానికీ అడుగు దూరానికి ఒకటి చొప్పున 50 ఎంఎం హోల్ సాతో కన్నాలు, ఒక్కో పొరకు 36. కన్నం 50 ఎంఎం ఉంటే బంతి పదకొండు ఎంఎం చిల్లర లోపలికి దిగి అంచు మీద నిలుస్తుంది, ప్లైవుడ్ 18 కాబట్టి టైల్‌కు తగలదు. రెండు పొరల మధ్య నాలుగు సెంటీమీటర్ల ఖాళీ మిగులుతుంది. అందులో ఏమీ కూరొద్దు.

బంతులు ఎన్ని పెడితే అంత గట్టిదనం అనుకోవడం తప్పు. పై పలకలు, కిట్, మనిషి కలిపితే దాదాపు 200 కిలోలు, 36 బంతులకు పంచితే ఒక్కోదాని మీద ఐదున్నర కిలోలు. ఆ బరువుకు బంతి నాలుగైదు ఎంఎం అణగాలి, అణిగితేనే దెబ్బను మింగుతుంది. వంద బంతులు పెడితే ఏదీ అణగదు, దెబ్బ తిన్నగా శ్లాబుకు పోతుంది. మరీ తగ్గిస్తే ఊగి సింబల్ స్టాండ్లు తలలూపుతాయి. స్టూలు కింద మాత్రం నాలుగు బంతులు అదనంగా పెట్టాలి, బరువంతా ఒకే చోట పడుతుంది కాబట్టి. గల్లీ క్రికెట్‌కు అమ్మే హెవీ బంతులు వద్దు, రాయిలా ఉంటాయి. కొత్త బంతుల కంటే కోచింగ్ కోర్టుల్లో వాడి పక్కన పడేసినవి నయం. వాటి గాలి అప్పటికే పోయి అన్నీ ఒక తీరుకు వచ్చి ఉంటాయి, ప్లాట్‌ఫామ్ ఒక పక్కకు వంగదు. ఏ అంచూ గోడకు తగలకూడదు, వేలు దూరేంత ఎడం వదలాలి. ఒక్క చోట తగిలినా చేసిన పనంతా వృథా. రెండేళ్లకోసారి ఎత్తి బంతులు చూడాలి. ఎలక్ట్రానిక్ కిట్‌కు కూడా ఇది కావాలి, దాని కిక్ ప్యాడ్ చప్పుడు కింది ఇంట్లో అలాగే వినిపిస్తుంది.

ఇన్ని చేసినా లెక్క ఒకటి గుర్తుండాలి. కిట్ దగ్గర 105 డెసిబెల్స్ దాకా మోత, గోడ 50 ఆపితే అవతల 55. 2000 నాటి శబ్ద నిబంధనల్లో నివాస ప్రాంతానికి పగటి హద్దు అదే, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45. పగలు ఒడ్డున పడతాం, రాత్రికి కుదరదు. రాత్రికి మెష్ హెడ్లు (వల గుడ్డతో చేసినవి), లో వాల్యూమ్ సింబల్స్. రెమో సైలెంట్‌స్ట్రోక్ హెడ్లు, జిల్డ్జన్ ఎల్80 సింబల్స్ ఇక్కడ వాడినవి. మోత మాటల స్థాయికి దగ్గరగా దిగుతుంది. అయితే మెష్ మీద స్టిక్ మరీ ఎగురుతుంది. డబుల్ స్ట్రోక్స్ (ఒక్కో చేత్తో వెంటవెంటనే రెండేసి దెబ్బలు) వాటంతటవే పడుతున్నట్టు అనిపించి, అసలు హెడ్ మీదికి వచ్చాక వేళ్లు సోమరిపోయాయని తెలుస్తుంది. సింగిల్స్, టైమింగ్, కాళ్ల పని మెష్ మీద, రోల్స్ పగటిపూట అసలు హెడ్ల మీద చేయడం మేలు. హెడ్లు మార్చడం అరగంట పని, రోజూ చేయలేరు కాబట్టి పాత స్నేర్ ఒకటి మెష్‌తో విడిగా ఉంచుకోండి.

సందులన్నీ మూశాక గది ఊపిరాడకుండా అవుతుంది. స్ప్లిట్ ఏసీ చల్లబరుస్తుందే గానీ కొత్త గాలి తేదు. ముప్పావు గంటకోసారి తలుపు తీయండి. ఆ విరామం చెవులకూ అవసరం. 100 డెసిబెల్స్ దగ్గర చెవికి రోజుకు పదిహేను నిమిషాలే క్షేమమని అమెరికాలో పనిచోట ఆరోగ్యం, భద్రత చూసే నియోష్ సంస్థ ప్రమాణం, ప్యానెళ్లున్నా ఇయర్ ప్లగ్స్ తప్పవు.

డబ్బు ఒకేసారి లేకపోతే ముందు తలుపు రబ్బరు, ఏసీ కన్నం, పైకప్పు ప్యానెళ్లు నాలుగు. తర్వాత ప్లాట్‌ఫామ్. గోడలవి, మూలలవి, కిటికీ ప్లగ్ చివర. అద్దె ఇంట్లో ఉంటే బిగించే పద్ధతి మారుతుంది. ప్లాట్‌ఫామ్ పై రెండు పొరలకు జిగురు మానేసి, అతుకులు అడ్డంగానే ఉంచి స్క్రూలు దగ్గరదగ్గరగా వేయించండి, విప్పితే ఆరడుగుల ముక్కలై మెట్లు దిగుతుంది. ప్యానెళ్లు గోడకు మేకు, వెనక తీగ, పటం తగిలించినట్టు. పైకప్పుకు యాంకర్ ఫాస్టెనర్లు వేయాల్సిందే, ప్యానెల్‌కు నాలుగు. ఓనరును ముందే అడిగి వేయించండి.