సీసీ కెమెరాలు పెట్టించేవాళ్ళు దయచేసి చదవండి, లైవ్ వస్తోందంటే రికార్డ్ అవుతున్నట్టు కాదు

కోపంలో రాస్తున్నా, ఎక్కడైనా అటూ ఇటూ అయితే సర్దుకుని చదవండి. మూడు రోజులైంది ఇంట్లో ఎవరికీ సరిగా నిద్ర లేదు.

మొన్న పొద్దున ఆరు కూడా కాలేదు, అమ్మ గేటు ముందు ముగ్గు వేస్తోంది, ధనుర్మాసం కదా ఈ నెలంతా చీకటితోనే లేస్తుంది. బండి మీద ఇద్దరొచ్చారు, వెనకాల కూర్చున్నోడు దిగి అడ్రస్ అడిగినట్టు దగ్గరికొచ్చి మెడలో పుస్తెలతాడు లాక్కుని పోయాడు. మూడు తులాలు. అమ్మ కింద పడింది, మోచెయ్యి గీరుకుపోయింది, మెడ చుట్టూ తాడు కోసుకున్న గీత ఇప్పటికీ ఎర్రగా అలాగే ఉంది. అరుపు విని నేను బయటికి పరిగెత్తేసరికి ముగ్గు గిన్నె పక్కింటి గేటు దాకా దొర్లిపోయి ఉంది, వీధిలో మనిషన్నవాడు లేడు.

ప్రాణం దక్కింది అదే చాలు అంటున్నారు అందరూ. నిజమే. కానీ నేను రాసేది ఆ దొంగల గురించి కాదు, ఆ తర్వాత జరిగిన దాని గురించి.

స్టేషన్ నుంచి కానిస్టేబుల్ గారు అరగంటలో వచ్చారు, ఆయన్ని ఏం అనటానికి లేదు. రాగానే గేటు మీద కెమెరా చూసి "మంచి పని చేశారు, ఫుటేజ్ తీయి బాబూ" అన్నారు. ఒక్క సీసీ కెమెరా వంద మంది పోలీసులతో సమానం అని మన దగ్గర ఎన్ని మీటింగుల్లో చెప్పలేదు, ఆ మాట నమ్మే కదా పెట్టించింది. కెమెరా సరిగ్గా అమ్మ పడ్డ చోటికే చూస్తోంది. నాకు ఆ నిమిషంలో కొండంత ధైర్యం వచ్చింది, దొరికిపోయార్రా అనుకున్నా. టీవీ ఆన్ చేసి ప్లేబ్యాక్‌లోకి వెళ్ళి ఆ రోజు తారీఖు నొక్కా. ఏం రాలేదు. ముందు రోజు నొక్కా. లేదు. రికార్డింగ్ ఉన్న రోజులకి క్యాలెండర్‌లో చిన్న గుర్తు ఉంటుంది చూడండి, వెనక్కి వెళ్తూ వెళ్తూ ఉంటే నవంబర్ 9 దగ్గర ఆఖరి గుర్తు కనపడింది. ఆ తర్వాత అంతా ఖాళీ. డిసెంబర్ మొత్తానికి ఒక్క రోజు లేదు. అన్ని రోజులూ నేను ఆఫీసులో కూర్చుని ఫోన్‌లో లైవ్ చూసుకుంటూ ఇల్లు భద్రంగా ఉందనుకున్నా.

ఎవరి దగ్గర పెట్టించానో పేరు రాయను, మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు, పేపర్లో పాంప్లెట్లు పెట్టి పంచుతారు, నాలుగు కెమెరాలు, డీవీఆర్ (కెమెరాల వీడియో రికార్డ్ చేసే డబ్బా), 1 టీబీ హార్డ్ డిస్క్, ఫిట్టింగ్‌తో సహా 11,999 అని. దసరా ముందు పెట్టించాం. కేబుల్ మీటర్లు ఎక్కువయ్యాయని ఇంకో 1,800 తీసుకున్నాడు. బిల్లు అడిగితే "బిల్లు కావాలంటే 18 పర్సెంట్ జీఎస్టీ పడ్తదన్నా, మనోళ్ళకి ఎందుకది, వారంటీ నాది, నా నంబర్ ఉందిగా" అన్నాడు. 2,160 రూపాయలు మిగులుతాయని ఎస్టిమేట్ కాగితం తీసుకుని ఊరుకున్నా. దాని మీద కెమెరా మోడల్ లేదు, డిస్క్ సీరియల్ నంబర్ లేదు, షాపు స్టాంప్ కూడా లేదు. నేను చేసేది అకౌంట్స్ ఉద్యోగం. ఆఫీసులో 200 రూపాయల పెట్రోల్ ఓచర్ బిల్లు లేకుండా వస్తే వెనక్కి పంపిస్తా. మా అమ్మ భద్రత దగ్గరకొచ్చేసరికి ఎలా ఊరుకున్నానో నాకే అర్థం కావట్లేదు, మూడు రోజులుగా అదే తొలిచేస్తోంది.

సరే, ఫోన్ కాల్ దగ్గరికి వస్తా. ఇదే నేను మర్చిపోలేకపోతున్నది.

కానిస్టేబుల్ గారు పక్కన నిలబడి ఉండగానే ఫోన్ చేశా. మూడోసారికి ఎత్తాడు. "అన్నా, రికార్డింగ్ లేదు నవంబర్ నుంచి, ఇంటి ముందు చైన్ స్నాచింగ్ అయింది, పోలీసులు వచ్చారు" అన్నా. "ఏందన్నా పొద్దుపొద్దున, ఆగు చూస్తా" అన్నాడు. అర నిమిషం చప్పుడు లేదు. తర్వాత అంటాడు, "అంతా మంచిగనే నడుస్తుంది గదన్నా, నాలుగూ లైవ్ వస్తున్నయి. అగో, మీ అమ్మగారు హాల్ల సోఫా మీద కూసున్నరు, పక్కన పోలీసాయన నిలబడ్డడు, మంచిగ కనిపిస్తుంది నాకు."

నాకు కాళ్ళు వణికాయి. అప్పుడు పక్కింటి పిన్ని అమ్మ పైట పక్కకి జరిపి మెడకి పసుపు రాస్తోంది. ఇంటికి ఎవరొచ్చినా చెంగు సర్దుకుని గానీ ముందుకు రాని మనిషి మా అమ్మ. తను ఏడుస్తూ కూర్చుంటే ఎక్కడో షాపులో కూర్చుని ఒక బయటివాడు ఫోన్‌లో చూస్తూ నాకు వర్ణించి చెప్తున్నాడు, అందులో తప్పేమీ లేదన్నట్టు, పైగా కెమెరా బాగుందనటానికి అదే సాక్ష్యం అన్నట్టు. దసరా నుంచి ఎన్నిసార్లు చూశాడు? వాడొక్కడే చూశాడా, షాపులో పనిచేసే కుర్రాళ్ళు కూడా చూశారా? ఎవరిని అడగాలి నేను ఇది?

"నువ్వెట్లా చూస్తున్నావు మా ఇల్లు" అని అరిచా. "డివైస్ నా అకౌంట్ల ఉంటదన్నా, సర్వీస్ కోసం, అందరివీ గట్లనే ఉంటయి" అన్నాడు. అందరివీ అంట. ఎన్ని ఇళ్ళో చూడండి. డిస్క్ సంగతేంటి అంటే గొంతు మారిపోయింది, "డిస్క్ పోతే కంపెనీని అడగాలె, నన్నెందుకు అడుగుతవు, బిల్లుందా నీ దగ్గర?" అన్నాడు. బిల్లు వద్దని చెప్పిన మనిషే ఆ మాట అన్నాడు. అప్పటిదాకా అన్నా, మనోళ్ళు, ఇప్పుడు నువ్వు, నీ దగ్గర. ఫోన్ పెట్టేశాడు. తర్వాత నా నంబర్ బ్లాక్ చేశాడు, అమ్మ ఫోన్ నుంచి చేసినా ఎత్తట్లేదు.

ఆ రోజు సాయంత్రం మా సందులో కంప్యూటర్లు రిపేర్ చేసే తమ్ముడు ఒకడు వచ్చి డీవీఆర్ విప్పాడు. డిస్క్ బయటికి తీస్తే స్టిక్కర్ ఒక మూల లేచి ఉంది, గోరుతో లాగితే మొత్తం ఊడొచ్చింది, కింద ఇంకో స్టిక్కర్, పాతది, సగం చిరిగి జిగురు నల్లబడి ఉంది. దాన్ని ల్యాప్‌టాప్‌కి తగిలించి హెల్త్ చూపించాడు. పవర్ ఆన్ అవర్స్ 41,300. 24తో భాగించి చూడండి, 1,720 రోజులు, నాలుగున్నర ఏళ్ళ పైమాటే రాత్రీ పగలూ తిరిగిన డిస్క్. నాకు కొత్తదని అమ్మి ఇంకా మూడు నెలలు కాలేదు. ఎక్కడో ఆఫీసుల్లో తీసేసిన డిస్కులు తుడిచి కొత్త స్టిక్కర్ వేసి అమ్ముతారన్నా, బడ్జెట్ ప్యాకేజీలో ముందు కోత పడేది డిస్క్ దగ్గరే, ఎందుకంటే అది డబ్బా లోపల ఉంటుంది ఎవరూ చూడరు అని చెప్పాడు. కేబుల్ కూడా కోసి చూపించాడు, పైకి రాగి రంగు, కత్తితో గీకితే లోపల తెల్లగా అల్యూమినియం.

అంతకంటే పెద్దది ఇంకోటి ఉంది. నవంబర్‌లో ఆ డీవీఆర్ కుయ్ కుయ్ మని ఆగకుండా మోగింది. అమ్మ ఫోన్ చేస్తే షాపు నుంచి కుర్రాడు వచ్చి ఐదు నిమిషాల్లో ఆపేసి, విజిటింగ్ చార్జ్ 200 తీసుకుని, అంతా సెట్ అయిందమ్మా అని వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఈ తమ్ముడు సెట్టింగ్స్‌లో డిస్క్ ఎర్రర్ అని ఉన్నచోట బజర్ టిక్ తీసేసి ఉండటం చూపించాడు. అంటే డిస్క్ పోయిందని ఆ డబ్బా పాపం నెత్తీనోరూ కొట్టుకుని చెప్తుంటే, దాని నోరు నొక్కేసి మా దగ్గరే డబ్బులు తీసుకుని పోయారు. డిస్క్ పోయిందమ్మా అని ఆ రోజు ఒక్క మాట చెప్పి ఉంటే నేనే ఇంకో నాలుగు వేలు పెట్టి కొత్తది వేయించుకునేవాణ్ణి. గొడవ కూడా పడేవాణ్ణి కాదు. ఈ రోజు ఆ ఇద్దరి మొహాలు పోలీసుల చేతిలో ఉండేవి.

మూలమీద ఇంటివాళ్ళ కెమెరాలో బండి వెళ్ళటం పడింది, వాళ్ళు పెన్ డ్రైవ్‌లో వేసి ఇచ్చారు కూడా, పుణ్యాత్ములు. కానీ దూరం నుంచి, చీకట్లో, నంబర్ ప్లేటు తెల్ల మచ్చలా ఉంది అంతే. మా గేటు కెమెరా అయితే నాలుగడుగుల దూరంలో ఉంది వాడికి.

ఆ తమ్ముడు లెక్క కూడా వేసి చెప్పాడు, రాసుకోండి. "నెల రోజుల రికార్డింగ్ ఉంటది" అని పాంప్లెట్ వాడు చెప్పాడు గానీ, 2 మెగాపిక్సెల్ కెమెరా ఒక్కోటి సెకనుకి 2 మెగాబిట్లు చొప్పున తీసుకున్నా నాలుగింటికి రోజుకి 86 జీబీ దాటుతుంది, 1 టీబీ డిస్క్ మంచిదే అయినా ఆగకుండా రికార్డ్ చేస్తే 11 రోజులు వస్తుంది. వీడియోని కుదించి దాచటానికి పాత హెచ్.264 పద్ధతి వాడే డీవీఆర్ అయితే అందులో సగమే. నెల కావాలంటే 3 టీబీ దాకా ఉండాలి, లేదంటే మనిషి కదిలినప్పుడే రికార్డ్ అయ్యేలా పెట్టుకోవాలి. అంటే డిస్క్ కొత్తదే అయినా వాడు చెప్పింది అబద్ధమే.

నేను చేసినవి చెప్తా. ముందు రౌటర్ నుంచి డీవీఆర్ ల్యాన్ వైరు పీకేశా, ఇప్పుడు వాడికి ఏమీ కనపడదు. పాస్‌వర్డ్ చూస్తే అడ్మిన్ 123, మార్చేశా. హాల్లో కెమెరా ఊడదీశా, ఇంట్లో లోపల కెమెరా అక్కర్లేదు అసలు, అమ్మ మొదట్నుంచీ వద్దంటూనే ఉంది, నేనే వినలేదు. డివైస్ వాడి అకౌంట్ నుంచి తీసేయమని డీవీఆర్ వెనక ఉన్న లేబుల్ ఫోటో పెట్టి కెమెరా కంపెనీ సపోర్ట్‌కి మెయిల్ చేశా, ఇంకా జవాబు రాలేదు. పోలీసు కంప్లయింట్‌లో ఈ అకౌంట్ విషయం కూడా విడిగా రాసిచ్చా. 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించా. బిల్లు లేకపోయినా ఫోన్‌పే చేసిన స్క్రీన్‌షాట్, వాట్సాప్‌లో వాడు పంపిన రేట్ల మెసేజ్, ఎస్టిమేట్ కాగితం ఉన్నాయి, అవన్నీ పెట్టుకుని జిల్లా కన్స్యూమర్ కమిషన్‌లో కూడా వేస్తా, 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు.

మీరు చేయాల్సింది ఏంటంటే, ఇది చదవటం ఆపి ఇప్పుడే మీ ఇంట్లో ప్లేబ్యాక్ తెరిచి నిన్న రాత్రిది ఒక్కసారి ఆడించి చూడండి. లైవ్ కాదు, ప్లేబ్యాక్. వారానికోసారి చూడండి. యాప్‌లో డివైస్ ఓనర్ ఎవరి అకౌంటో చూడండి, మీకు షేర్ చేసినట్టు ఉంటే ఓనర్ ఇంకెవరో అని అర్థం. కొత్తగా పెట్టించేవాళ్ళు ఫిట్టింగ్ చేసేవాడి ముందే మీ ఫోన్‌లో మీ నంబర్‌తో అకౌంట్ తెరవండి. డిస్క్ మాత్రం ప్యాకేజీలో తీసుకోకండి, నిఘా కెమెరాల కోసమే చేసినవి వస్తాయి, వెస్ట్రన్ డిజిటల్ పర్పుల్, సీగేట్ స్కైహాక్ లాంటివి, సీల్ ఉన్నది మీరే కొని, సీరియల్ నంబర్ వాళ్ళ వెబ్‌సైట్లో కొట్టి వారంటీ ఎప్పటిదాకా ఉందో చూశాకే లోపల పెట్టనివ్వండి. కెమెరా బాక్సు మీద బీఐఎస్ (వస్తువుల నాణ్యత చూసే ప్రభుత్వ సంస్థ) ఇచ్చే ఆర్ నంబర్, అంటే రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటుంది, బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే నిజమైనదో కాదో తెలుస్తుంది, 2025 ఏప్రిల్ నుంచి సీసీ కెమెరాలకి సెక్యూరిటీ టెస్టింగ్ కూడా తప్పనిసరి చేశారు, కాబట్టి నంబర్ లేని డబ్బా ఇస్తే తీసుకోకండి. జీఎస్టీ బిల్లు, దాని మీద అన్నిటి సీరియల్ నంబర్లు. ఆ 18 పర్సెంట్ కట్టండి. డబ్బులు తక్కువైతే నాలుగు కెమెరాలకి బదులు గేటుకి ఒకటి, వెనక తలుపుకి ఒకటి పెట్టించండి, ఆ రెండూ సరైనవి పెట్టించండి.

మా వైపు వాళ్ళెవరైనా ఆ పాంప్లెట్ చూసి అడ్వాన్స్ ఇచ్చి ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, వాడిచ్చిన ఎస్టిమేట్ కాగితం, ఊడొచ్చిన స్టిక్కర్ ఫోటోలు పంపిస్తా. ఇదివరకే వాడి దగ్గర పెట్టించినవాళ్ళు మాత్రం మెసేజ్ తర్వాత పెట్టండి, ముందు వెళ్ళి ఆ ల్యాన్ వైరు పీకేయండి.