కప్పు వచ్చిన మూడు రోజులకే లీగ్ పోయింది: విగన్ వెంట నా నాలుగు ప్రయాణాలు

2013 మే 7 నుంచి 19 వరకు ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ విగన్ అథ్లెటిక్ నాలుగు మ్యాచ్‌లు ఆడింది. రెండు సొంత ఊళ్ళో, రెండు లండన్‌లో. నాలుగూ స్టేడియంలో కూర్చుని చూశాను. ఆ పదమూడు రోజుల్లోనే ఇంగ్లండ్ క్లబ్బుల నాకౌట్ పోటీ ఎఫ్.ఏ. కప్పు చేతికొచ్చింది, దేశంలో మొదటి అంచె అయిన ప్రీమియర్ లీగ్ చేజారి కింది అంచెకి దిగిపోయారు. ఆ టికెట్ ముక్కలు ఇప్పటికీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఇంగ్లండ్ వెళ్ళి ఫుట్‌బాల్ చూడాలనుకునే మనవాళ్ళు బస గురించీ తిండి గురించీ అడుగుతుంటారు, అందుకని అవి కూడా కలిపి రాస్తున్నాను.

అప్పట్లో ఆఫీసు పని మీద మాంచెస్టర్‌లో ఉండేవాణ్ణి. అక్కడి రెండు పెద్ద క్లబ్బుల మ్యాచ్‌లకి టికెట్ దొరకడమే కష్టం, దొరికినా ఖరీదెక్కువ. ఆఫీసులో ఒక పెద్దాయనది విగన్. "మా ఊరు రా, ఆ డబ్బుకి నాలుగు మ్యాచ్‌లు చూడొచ్చు" అన్నాడు. రైల్లో ముప్పావు గంట. అలా ఒకసారి వెళ్ళి, సీజనంతా వెళ్తూనే ఉన్నాను.

విగన్ పాత బొగ్గు గనుల, నూలు మిల్లుల పట్టణం. అక్కడ రగ్బీకి ఉన్నంత పట్టు ఫుట్‌బాల్‌కి లేదు. ఫుట్‌బాల్ క్లబ్ పుట్టిందే 1932లో, ఫుట్‌బాల్ లీగ్‌లోకి వచ్చింది 1978లో, ప్రీమియర్ లీగ్‌కి ఎక్కింది 2005లో. డి.డబ్ల్యు. స్టేడియంలో పాతిక వేల మంది పడతారు. విగన్ వారియర్స్ రగ్బీ జట్టు ఆడేదీ అక్కడే. ఊళ్ళో రెండు రైల్వే స్టేషన్లు, వాల్‌గేట్, నార్త్ వెస్టర్న్, దాదాపు ఎదురెదురుగా ఉంటాయి. ఎందులో దిగినా స్టేడియానికి ఇరవై, పాతిక నిమిషాల నడక. సాయంత్రం మ్యాచ్ అయితే కాస్త ముందు దిగి లీడ్స్–లివర్‌పూల్ కాలువ గట్టు మీదుగా వెళ్ళండి. దూరం పెరిగినా ఆ నడక బాగుంటుంది.

తిండి అంటే ఇక్కడ 'పై', లోపల కూర పెట్టి కాల్చిన పిండివంట. ఆ ఊరివాళ్ళని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పిలిచే పేరే 'పై ఈటర్స్'. శాకాహారులకి చీజ్, ఉల్లిపాయ వేసిన పై దొరుకుతుంది. చలిలో అది వేడివేడిగా చేతిలో పట్టుకుంటే సగం ఆకలి అక్కడే తీరుతుంది. కారం లేదని మా బావమరిది మొహం ముడుచుకున్నాడు కానీ రెండోది కూడా తిన్నాడు. అతను లెస్టర్‌లో చదువుకునేవాడు, మే నెలలో నాతో తిరిగాడు.

మే 7, మంగళవారం రాత్రి, స్వాన్సీతో మ్యాచ్. లీగ్‌లో ఆఖరి మూడు జట్లు కింది అంచెకి దిగిపోతాయి. అంతకుముందు ఏడాది ఇదే విగన్ చివరి వారాల్లో మాంచెస్టర్ యునైటెడ్‌నీ లివర్‌పూల్‌నీ ఆర్సెనల్‌నీ ఓడించి గట్టెక్కింది. కాబట్టి ఈసారీ బయటపడతామనే అందరి నమ్మకం. మొదటి సగం ముగిసే వేళకి 1-0. స్వాన్సీ సమం చేస్తే మళ్ళీ 2-1. రెండుసార్లు ముందుకెళ్ళి, చివరికి 2-3తో ఓడిపోయారు. తిరిగొస్తుంటే స్టేషన్ దాకా ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఆ ఏడాది లీగ్‌లో అదే అసలు దెబ్బ అని నేను ఇప్పటికీ అనుకుంటాను. కప్పు మీద ధ్యాస పెట్టి లీగ్ పోగొట్టుకున్నారని తర్వాత చాలామంది అన్నారు. నేను ఒప్పుకోను. 38 మ్యాచ్‌లలో 20 ఓటములు, తిన్న గోల్స్ 73. ఆ లెక్క కప్పు మ్యాచ్‌ల వల్ల వచ్చింది కాదు. రక్షణ వరుస బలహీనత ఆగస్టు నుంచీ ఉంది, దానికి గాయాలు తోడయ్యాయి. నిజానికి మార్చి 9న కప్పు క్వార్టర్ ఫైనల్లో ఎవర్టన్ గ్రౌండ్‌లో నాలుగు నిమిషాల లోపు మూడు గోల్స్ కొట్టి 3-0తో గెలిచినప్పుడు వచ్చిన ధైర్యమే ఆ జట్టుని మే దాకా నిలబెట్టింది.

మే 11, శనివారం, లండన్‌లోని వెంబ్లీ స్టేడియం. కప్పు ఫైనల్‌కి టికెట్లు ఆ పెద్దాయనే ఇప్పించాడు. నార్త్ వెస్టర్న్ నుంచి లండన్ యూస్టన్‌కి రెండు గంటల ప్రయాణం. రైలంతా నీలం, తెలుపు మఫ్లర్లే. మ్యాచ్ సాయంత్రం 5.15కి. అయ్యాక ఆఖరి రైలు అందుతుందో లేదోనని పెట్టెలో అందరికీ టెన్షన్. మేం ఆ రాత్రికి వెంబ్లీలోనే గది తీసుకున్నాం కనుక ఆ దిగులు లేదు.

అయితే ఆ గది గురించి చెప్పాలి. ఫైనల్ రోజని అద్దె మామూలు రోజుకి రెండింతలు. మంచం పోగా నిలబడ్డానికి చోటు లేదు, పొద్దున వేడినీళ్ళు రాలేదు. అడిగితే, వస్తాయి ఆగండి అన్నారు, మేం ఖాళీ చేసేదాకా రాలేదు. వెంబ్లీలో మ్యాచ్ ఉంటే ఆ పేటలో దిగకండి. మెట్రోపాలిటన్ లేదా జూబిలీ మెట్రో లైన్ మీద నాలుగైదు స్టేషన్ల అవతల ఉండండి, డబ్బూ మిగులుతుంది, నిద్రా పడుతుంది. ఈలింగ్ రోడ్ మాత్రం తప్పకుండా వెళ్ళండి. గుజరాతీ మిఠాయి కొట్లు, కూరగాయల బళ్ళు, చెక్కిన రాతితో కట్టిన పెద్ద సనాతన మందిరం ఉన్నాయి. మధ్యాహ్నం అక్కడే దోసెలు తిన్నాం. నెలల తర్వాత పుల్లగా పులిసిన దోసె తినేసరికి ప్రాణం లేచొచ్చింది.

వెంబ్లీ పార్క్ స్టేషన్ మెట్లు దిగగానే ఎదురుగా స్టేడియం మీది ఆ కమాను, దాని కిందకి తిన్నగా వెళ్ళే దారి, ఆ దారి నిండా మనుషులు. 86 వేల మంది వచ్చిన మ్యాచ్ అది. అంత జనంలోనూ సీటు వెతుక్కోవడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. మేం పై అంతస్తులో కూర్చున్నా మైదానం మొత్తం స్పష్టంగా కనిపించింది. లోపల తిండి ఖరీదు చాలా ఎక్కువ, రుచి అంతంత మాత్రం. కడుపు నింపుకునే వెళ్ళండి.

జట్టుని మైదానంలోకి నడిపించింది క్లబ్ అధిపతి డేవ్ వీలన్. 1960 ఫైనల్‌లో బ్లాక్‌బర్న్ తరఫున ఆడుతూ ఇదే వెంబ్లీలో కాలు విరగ్గొట్టుకున్న మనిషి. యాభై మూడేళ్ళ తర్వాత తన క్లబ్బుతో మళ్ళీ అక్కడికి వచ్చాడు. పక్కసీటు ముసలాయన ఆ సంగతి మాకు చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు.

ఎదురుగా మాంచెస్టర్ సిటీ. మా వాళ్ళు బెదరలేదు. కుడివైపు మా మెక్‌మనమన్ బంతి అందుకున్నప్పుడల్లా మా అంతస్తు మొత్తం లేచి నిలబడింది. 84వ నిమిషంలో అతన్ని పడగొట్టి సిటీ ఆటగాడు జబలేటా రెండో పసుపు కార్డుతో బయటికి వెళ్ళాడు. 91వ నిమిషంలో మలోనీ కార్నర్ కొట్టాడు. బెన్ వాట్సన్ దగ్గరి స్తంభం వైపు ఎగిరి తలతో తోశాడు. బంతి లోపలికి వెళ్ళింది. నవంబరులో కాలు విరిగి నెలల తరబడి ఆటకి దూరమైన ఆటగాడు, పది నిమిషాల ముందే మైదానంలోకి వచ్చాడు. మా బావమరిది నన్ను గట్టిగా పట్టుకుని "బావా, గోలేనా? నిజంగా గోలేనా?" అని అడుగుతూనే ఉన్నాడు. నాకు గొంతు పెగల్లేదు. 81 ఏళ్ళ చరిత్రలో క్లబ్బుకి మొదటి పెద్ద కప్పు. కెప్టెన్లు బాయ్స్, కాల్డ్‌వెల్ ఇద్దరూ కలిసి దాన్ని పైకెత్తారు.

బయటికొచ్చాక స్టేషన్ దగ్గర గుర్రాల మీద పోలీసులు జనాన్ని కొంచెం కొంచెంగా ఆపుతూ వదిలారు. ముప్పావు గంట నిలబడ్డాం, తోపులాట లేదు. జనాన్ని నడిపించడంలో వెంబ్లీకి పూర్తి మార్కులు వేస్తాను.

ఆదివారం మాంచెస్టర్ వచ్చి, సోమవారం ఆఫీసుకి వెళ్ళి, మంగళవారం, మే 14న, ఆర్సెనల్‌తో మ్యాచ్‌కి సెలవు పెట్టి మళ్ళీ లండన్. ఈసారి డబ్బు ఆదా చేద్దామని బస్సెక్కాను. అయిదు గంటలు పట్టింది, నడుం పట్టేసింది. మ్యాచ్ రోజున ఆ బస్సు వద్దు. రైలు టికెట్ ముందుగా కొనుక్కుంటే ధరలో మరీ అంత తేడా ఉండదు. బస మాత్రం ఈసారి బాగా కుదిరింది. ఫిన్స్‌బరీ పార్క్ దగ్గర ఒక చిన్న ఇల్లు, శుభ్రమైన దుప్పట్లు, పొద్దున టోస్టు, టీ. ఇంటావిడ నా మెళ్ళో మఫ్లర్ చూసి, మంచి కప్పు గెలిచారు అని మనసారా అంది. వాళ్ళింట్లో అందరూ ఆర్సెనల్ వాళ్ళే.

ఆర్సెనల్ స్టేషన్లో దిగితే ప్లాట్‌ఫారం గోడ మీద పలకలతో పేర్చిన పాత పేరు, గిలెస్పీ రోడ్, ఇంకా కనిపిస్తుంది. అక్కడ నుంచి పైకి వాలుగా సాగే పొడవాటి సొరంగం. ఆర్సెనల్ స్టేడియం ఎమిరేట్స్‌లో సీట్లకి మెత్తటి దిండ్లుంటాయి, అన్నీ కొత్తగా, విశాలంగా ఉంటాయి. కానీ బయటి ఊరి అభిమానుల చోటు కింది వరుసల్లో, ఒక మూల. వాలు తక్కువ. ముందువాళ్ళు నిలబడితే అవతలి గోల్ కనబడదు, అందరూ నిలబడే ఉంటారు. చూడ్డానికి వెంబ్లీ పై అంతస్తే నయం.

ఓడితే ఆ రాత్రే లీగ్ నుంచి దిగిపోతారు. ఆర్సెనల్ తరఫున పొడోల్‌స్కీ ముందుగా కొట్టాడు. సగం ముగిసే ముందు మలోనీ ఫ్రీ కిక్‌తో 1-1. పదమూడు నెలల కిందట ఇదే మైదానంలో 2-1తో గెలిచారు కదా అని విరామంలో అందరం ఒకరికొకరం చెప్పుకున్నాం. తర్వాత ఎనిమిది నిమిషాల్లో మూడు గోల్స్ పడ్డాయి. 4-1. మా మూల ఎవరూ ముందుగా లేచి వెళ్ళలేదు. పాటలు ఆపలేదు. ఆటగాళ్ళు మా దగ్గరికొచ్చి చప్పట్లు కొడుతుంటే కొందరు ఏడుస్తూనే పాడారు. ఒకే సీజన్‌లో ఎఫ్.ఏ. కప్పు గెలిచి లీగ్ నుంచి దిగిపోయిన క్లబ్ అంతకుముందు లేదు.

మే 19, ఆదివారం, ఆస్టన్ విల్లాతో ఆఖరి మ్యాచ్. 2-2. ఆ ఫలితంతో మారేదేమీ లేదు. విగన్ 36 పాయింట్లతో 18వ స్థానం, పైనున్న సండర్లాండ్‌కి 39. కొన్నాళ్ళకి కోచ్ రాబర్టో మార్టినెజ్ ఎవర్టన్‌కి వెళ్ళిపోయాడు. కప్పు పుణ్యమా అని రెండో డివిజన్‌లో ఉంటూనే మా వాళ్ళు ఐరోపా క్లబ్బుల పోటీ యూరోపా లీగ్ ఆడారు.

విగన్‌లోని ఆ డి.డబ్ల్యు. స్టేడియం పేరు 2024లో బ్రిక్ కమ్యూనిటీ స్టేడియం అని మారింది. వెళ్తే కొత్త పేరుతో అడగండి. 2023లో క్లబ్ మూడో అంచెకి దిగింది, అందుకే టికెట్ ఇప్పుడు మరీ సులువు. మాంచెస్టర్‌లో దిగితే ఒక శనివారం దీనికి కేటాయించండి. ఆఖరి రోజు నేను మ్యాచ్ అయ్యాక స్టేషన్ దారిలో 'పై'లు అమ్మే కొట్టు ముందు ఆగాను. కిటికీలో బెన్ వాట్సన్ ఫొటో అంటించి ఉంది. నా మఫ్లర్ చూసి కొట్టులో అమ్మాయి నా దగ్గర డబ్బు తీసుకోలేదు.